గెటిస్‌బర్గ్, సెడాన్, గుజ్రాత్: మైదాన తోపులకు మార్కులు వేయడం ఎలా?

కొత్తచదువరి:
సభ్యులకు నమస్కారం. మిత్రులం కొందరం కలిసి బల్ల మీద ఆడే యుద్ధ ఆట ఒకటి తయారు చేస్తున్నాం. కాలం 1800 నుంచి 1900 దాకా. కాల్బలానికి, గుర్రపు దళానికి నియమాలు కుదిరాయి. తోపుల దగ్గరే చిక్కొచ్చి పడింది. ఒక్కో తోపుకు పదికి ఇన్ని మార్కులని వేద్దామని నా ఆలోచన. ఎంత దూరం కొడుతుంది, గుండు బరువెంత, నిమిషానికి ఎన్నిసార్లు పేలుతుంది, ఈ మూడూ కలిపి లెక్క కట్టాను. అమెరికా అంతర్యుద్ధంలోని 12 పౌండ్ల గుండు కొట్టే నెపోలియన్ తోపుకు 5, అదే యుద్ధంలోని 3 అంగుళాల రైఫిల్డ్ తోపుకు 7, ప్రష్యా (జర్మనీలోని పెద్ద రాజ్యం) వాళ్ల క్రుప్ ఉక్కు తోపుకు 9, సిక్కుల తోపులకు 4 వచ్చాయి. ఈ వరస ఒప్పుకోదగినదేనా?

ఫిరంగిపురం:
ఒప్పుకోను. నెపోలియన్‌కు 5, రైఫిల్డ్ తోపుకు 7 అంటే 1863 నాటి గోలందాజుల్లో (తోపు కాల్చేవాళ్లలో) సగం మంది మీతో తగవుకు దిగేవారు.

నెపోలియన్ కంచు తోపు, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. పేరు వాటర్లూ నెపోలియన్‌ది కాదు, ఆయన తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్‌ది. 5 డిగ్రీలు ఎత్తి కొడితే గుండు 1,619 గజాలు పోతుంది. 3 అంగుళాల తోపును పెన్సిల్వేనియాలో చేత ఇనుముతో చేశారు, గొట్టంలో మెలి గాడులుంటాయి. అదే 5 డిగ్రీలకు 1,830 గజాలు. గొట్టం బరువు 820 పౌండ్లే, నెపోలియన్‌ది 1,200 పైచిలుకు. కాగితం మీద చూస్తే రెండోదే మేలు, కాదనను.

కానీ శత్రువు 300 గజాల దగ్గరికి వచ్చినప్పుడు సంగతి మారిపోతుంది. అప్పుడు కాల్చేది డబ్బా గుండు. రేకు డబ్బాలో ఇనుప గోళీలు నింపి పేలుస్తారు, గొట్టం దాటగానే డబ్బా చిట్లి గోళీలు విచ్చుకుంటాయి. నెపోలియన్ డబ్బాలో 27 గోళీలు పడతాయి, మరీ ముంచుకొస్తే రెండు డబ్బాలు ఒకేసారి కూరేవారు. 3 అంగుళాల గొట్టం సన్నం కాబట్టి డబ్బా చిన్నది. మీ ఆటలో ఒక తోపుకు దూరాన్ని బట్టి కనీసం రెండు మార్కులు ఉండాలి.

పాతపటాలు:
దూరం గురించి ఇంకో మాట. అమెరికా యుద్ధరంగాల పటాలు తెరిచి చూడండి. అడవులు, తోటలు, కంచెలు, గుట్టలు. 1,830 గజాలు కొట్టే తోపు ఉన్నా అంత దూరం కనిపించే చోటు దొరకాలి కదా. గురి చూసేవాడి కంటికి కనిపించని లక్ష్యం మీద కాల్చే పద్ధతి ఆ రోజుల్లో మైదాన తోపులకు లేదు. కాబట్టి దూరానికి వేసిన మార్కులో సగం పటం వేసిందే.

నేల సంగతి కూడా చూడండి. నున్నటి గొట్టపు తోపు కొట్టే ఇనుప గుండు ఒక్కచోట పడి ఆగదు, గట్టి నేల మీద గెంతుకుంటూ వరసలు వరసలుగా మనుషులను పడగొడుతుంది. వాటర్లూలో ముందు రాత్రి కురిసిన వానకు నేల బురదైంది. నెపోలియన్ 80 దాకా తోపులను ఒకచోట చేర్చి కొట్టించినా చాలా గుండ్లు బురదలో దిగబడిపోయాయి. దానికి తోడు వెల్లింగ్టన్ తన సైన్యాన్ని చాలావరకు మిట్టకు అవతలి వాలులో దాచాడు. అవే తోపులు, అదే రకం గోలందాజులు 1809లో వాగ్రాంలో వంద దాటిన సంఖ్యలో ఒకచోట చేరి ఆస్ట్రియా సైన్యాన్ని ఛిద్రం చేశారు. మీ లెక్కలో రెండు చోట్లా ఆ తోపుకు ఒకే మార్కు.

మెకానికల్‌మాస్టారు:
క్రుప్ తోపుకు 9 వేయడంలో "వెనుక నుంచి నింపేది కాబట్టి వేగం ఎక్కువ" అన్న ఊహ ఉన్నట్టుంది. ఆ ఊహ నిలవదు.

అప్పటి తోపు ఏదైనా పేలగానే బండితో సహా వెనక్కి దొర్లుతుంది. గోలందాజులు దాన్ని భుజాలతో తోసి మళ్లీ పాత చోటికి తేవాలి, మళ్లీ గురి పెట్టాలి. ఎక్కువ సమయం తినేది ఈ పని. గుండును మూతి నుంచి కూరినా వెనుక నుంచి దోపినా మిగిలేది కొన్ని క్షణాలే. అందుకే శతాబ్దం మొదట్లోనూ, 1870లోనూ గురి చూసి కాల్చే వేగం నిమిషానికి రెండు మూడు సార్ల దగ్గరే ఉండిపోయింది. ఇది విరగడయింది ఫ్రెంచి వాళ్ల 1897 నాటి 75 మిల్లీమీటర్ల తోపుతో. అందులో నూనె, గాలి నింపిన యంత్రం దెబ్బను తనలోకి పీల్చుకుంటుంది. గొట్టం మాత్రం వెనక్కి జారి మళ్లీ ముందుకొస్తుంది, బండి కదలదు. నిమిషానికి 15 సార్లు సునాయాసంగా కాల్చవచ్చు. మీ పట్టికలో ఎవరికైనా 9 వేయాలంటే దానికి వేయండి. కాకపోతే అది మీ శతాబ్దంలో పెద్ద యుద్ధమేదీ చూడలేదు.

వెనుక నుంచి నింపే తోపులో నిజమైన లాభం వేరు. గుండు గొట్టానికి బిగుతుగా పడుతుంది, గురి మెరుగవుతుంది. నష్టమూ ఉంది. వెనుక మూత సరిగా బిగియకపోతే వేడి వాయువులు అక్కడి నుంచే తన్నుకొస్తాయి. బ్రిటిష్ సైన్యం 1850ల చివర్లో ఆర్మ్‌స్ట్రాంగ్ తోపు తీసుకుంది, 1860లో చైనాలో వాడింది, ఆ తరువాత ఖర్చు, మరమ్మతుల బెడద భరించలేక 1870లలో మళ్లీ మూతి నుంచి నింపే తోపులకే వెళ్లిపోయింది. కాలం గడిచే కొద్దీ ఆయుధం మెరుగవుతూ పోతుందనుకునేవాళ్లు ఈ ముచ్చట ఒకసారి చదవాలి.

వరంగల్‌వాసి:
ఇంత చర్చ అనవసరమేమో. అన్ని తోపులకూ మార్కులు సగానికి కోసేయండి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యపు వైద్య లెక్కలు చూస్తే, ఆయుధం తెలిసిన గాయాల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా తుపాకి గుండ్లవే. తోపు దెబ్బలు పదో వంతుకు కూడా రావు. చప్పుడెక్కువ, పని తక్కువ.

ఫిరంగిపురం:
ఆ లెక్క ఆసుపత్రికి చేరినవాళ్లది. 12 పౌండ్ల గుండు తగిలినవాడు, డబ్బా గుండుకు ఎదురుగా నిలబడినవాడు ఆసుపత్రి దాకా రావడం అరుదు. చనిపోయి పొలంలో పడి ఉన్నవాళ్లను దేనితో చచ్చారని ఎవరూ తీరిగ్గా చూసి రాయలేదు. అది సరిచేసినా తుపాకీదే పైచేయి అవుతుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ తోపు పని చంపడం ఒక్కటే కాదు. అది ఉన్న చోటికి శత్రువు రాలేడు, వచ్చినా వరస కుదరదు. 1862 జూలై 1న మాల్వర్న్ హిల్ ఎలా గడిచింది? దక్షిణాది వాళ్లు తమ తోపులను ఒకచోట చేర్చలేకపోయారు. ఒక్కో బ్యాటరీ (కొన్ని తోపుల జట్టు) ముందుకు రావడం, గట్టు మీది ఉత్తరాది తోపులన్నీ కలిసి దాన్ని నలిపేయడం. ఆ తరువాత కాల్బలం ఆ వాలు ఎక్కబోయి 5,000 మందికి పైగా నష్టపోయింది. ఆ రోజు ఎవరి తోపు మంచిదన్న ప్రశ్నే రాలేదు.

కొండవీటిచాంతాడు:
నా పోస్టులు ఎంత పొడుగ్గా ఉంటాయో పేరులోనే చెప్పాను కాబట్టి ఎవరూ విసుక్కోకండి. గెటిస్‌బర్గ్ మూడో రోజు, 1863 జూలై 3, కొంచెం వివరంగా రాస్తాను. మార్కుల పద్ధతి ఎక్కడ బోర్లా పడుతుందో అక్కడ తెలుస్తుంది.

మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో దక్షిణాది తోపులు సుమారు 150 ఒక్కసారి మొదలుపెట్టాయి. ఆ మొత్తంలో ప్రధాన భాగాన్ని నడిపించినవాడు ఎడ్వర్డ్ పోర్టర్ అలెగ్జాండర్. లక్ష్యం సెమెటరీ రిడ్జ్ మీది ఉత్తరాది మధ్యభాగం. సుమారు రెండు గంటల కాల్పులు. మీ లెక్క ప్రకారం 150 తోపులను మార్కులతో గుణిస్తే ఆ గట్టు మీద పురుగు కూడా మిగలకూడదు. జరిగింది వేరు. చాలా గుండ్లు గట్టు మీదున్న సైనికుల తలల పైనుంచి పోయి వెనుక పడ్డాయి. అక్కడి బళ్లు, గుర్రాలు, సేనాపతి మీడ్ మకాం దెబ్బతిన్నాయి. ముందు వరసలో కాల్బలం రాతి గోడ చాటున బోర్లా పడుకుని బతికిపోయింది.

ఎందుకలా? మొదటిది పొగ. నల్ల తుపాకి మందు పొగకు పది నిమిషాల్లో అటూ ఇటూ ఏమీ కనిపించదు. గుండు ఎక్కడ పడుతోందో తెలియనివాడు గురి దిద్దుకోలేడు. రెండోది ఫ్యూజు, అంటే గుండు ఎప్పుడు పేలాలో నిర్ణయించే అమరిక. 1863 మార్చిలో రిచ్‌మండ్ మందుగుండు శాలలో పేలుడు జరిగి, పనిచేసే ఆడపిల్లలు పదుల సంఖ్యలో చనిపోయారు. ఆ కొరత తీర్చడానికి చార్లెస్టన్ వంటి చోట్ల నుంచి ఫ్యూజులు తెప్పించారు. అవి దక్షిణాది సేనాపతి లీ సైన్యానికి అలవాటైన వాటికంటే నెమ్మదిగా కాలేవనీ, అందుకే గుండ్లు లక్ష్యం దాటాక పేలాయనీ చరిత్రకారులు వివరిస్తారు. మూడోది తోపులు నిలిపిన తీరు. వాటిని పక్క నుంచి వరస పొడవునా కొట్టేలా నిలిపే అవకాశం పట్టణం వైపున ఉండింది, దాన్ని వాడుకోలేదు. ఎక్కువ భాగం ఎదురుగానే నిలిచి కొట్టాయి. ఎదురుగా కొట్టినప్పుడు గుండు కాస్త ఎత్తుగా పోయిందంటే వృథా. పక్క నుంచి కొడితే ఎత్తుగా పోయినా వరసలో ఇంకెవరికో తగులుతుంది.

ఇక అవతలి వైపు. ఉత్తరాది తోపుల అధిపతి హెన్రీ హంట్. ఆయన కాల్పులు నెమ్మదిగా సాగించి, తరువాత ఆపించాడు. గుండ్లు మిగుల్చుకోవాలి, కాల్బలం ముందుకొచ్చినప్పుడు వాడుకోవాలి అని. అదే గట్టు మీద కోరు సేనాపతి హాన్‌కాక్ మాత్రం తన కాల్బలానికి ధైర్యం నిలవాలంటే మన తోపులు మోగుతూనే ఉండాలని పట్టుబట్టాడు. ఒకే గట్టు మీద కొన్ని తోపులు హంట్ మాట విన్నాయి, కొన్ని హాన్‌కాక్ మాట విన్నాయి. హాన్‌కాక్ మాట విన్నవి దూరపు గుండ్లు అయిపోగొట్టుకున్నాయి. తన మాట నడిచి ఉంటే ఆ దాడి గోడ దాకా వచ్చేదే కాదని హంట్ తరువాతి కాలంలో వాదించాడు. నేను హంట్ పక్షం. పక్కనే మెక్‌గిల్వరీ వరసలోని తోపులు నోరు కట్టుకుని కూర్చున్నందువల్లే, దక్షిణాది సేనాని పికెట్ దండు దాడికి బయల్దేరాక దాన్ని పక్క నుంచి దున్నేయగలిగాయి. సుమారు 12,500 మంది కదిలారు. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది.

అలెగ్జాండర్ దగ్గర అప్పటికి గుండ్లు అడుగంటాయి. రావాలంటే ఇప్పుడే రండి, ఆలస్యమైతే నేను అండ ఇవ్వలేను అని పికెట్‌కు చీటీ పంపాల్సి వచ్చింది. గుండ్ల లెక్క లేకుండా తోపుల ఆట ఆడించవద్దని నా సలహా.

వరంగల్‌వాసి:
చదివాను, ఊపిరి పీల్చుకున్నాను. హాన్‌కాక్ వైపు కూడా న్యాయం ఉంది. రెండు గంటలు తల మీద గుండ్లు పోతుంటే పడుకుని ఉన్నవాడికి "మన తోపులు పొదుపు చేస్తున్నాయి" అన్న సంగతి ఓదార్పు ఇవ్వదు. ఆ వరస చెదిరిపోయి ఉంటే హంట్ మిగిల్చిన గుండ్లు ఎవరికి పనికొచ్చేవి?

మెకానికల్‌మాస్టారు:
ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి 1870 నాటి ఫ్రాన్స్, ప్రష్యాల యుద్ధానికి వద్దాం. క్రుప్ తోపు కీర్తిలో పెద్ద వాటా ఫ్యూజుది.

ఫ్రెంచి వాళ్లది 1858 నాటి పద్ధతి. కంచు తోపు, గాడులున్నాయి, మూతి నుంచి నింపాలి. అంత చెడ్డది కాదు, 1859లో సోల్ఫెరినోలో ఆస్ట్రియాను ఆశ్చర్యపరిచింది. కానీ దాని గుండుకు అమర్చిన సమయపు ఫ్యూజు రెండు నిర్ణీత దూరాల దగ్గరే పేలేది. ఆ రెండింటికీ మధ్య ఉన్నవాడు క్షేమం. ప్రష్యా గుండు నేలకు తగలగానే పేలుతుంది. తగిలిన చోట పొగ లేస్తుంది. గోలందాజు చూస్తాడు: ముందు పడింది, ఇంకొంచెం పెంచు. దాటింది, కొంచెం తగ్గించు. మూడో నాలుగో గుండుకు లక్ష్యం మీదికి వచ్చేస్తాడు. ఫ్రెంచి గుండు గాలిలో పేలిందంటే అది లక్ష్యానికి ముందా వెనకా అన్నది తేల్చుకోవడం కష్టం. మెత్తటి నేలలో ప్రష్యా గుండు దిగబడి పేలి సగం బలం కోల్పోయిన మాటా నిజమే. అయినా తప్పు దిద్దుకునే వీలున్న తోపు గెలిచింది.

పాతపటాలు:
మాస్టారూ, అదొక్కటే అయితే నాలుగేళ్ల ముందు ఏమైంది? 1866 జూలై 3న కోనిగ్రాట్జ్‌లో అవే ఉక్కు తోపులు ప్రష్యా దగ్గర ఉన్నాయి. అన్నీ కాదు, నున్నటి గొట్టపు పాతవీ చాలా ఉన్నాయి. అయినా ఆస్ట్రియా మూతి తోపులే ఆ రోజు మేలనిపించుకున్నాయి. ముందే దూరాలు కొలిచి గుర్తులు పెట్టుకున్నాయి, ఒకచోట చేరి కొట్టాయి, సాయంత్రం తమ సైన్యం వెనక్కి మళ్లుతుంటే అడ్డుగా నిలిచి చచ్చేదాకా కాల్చాయి. ప్రష్యా తోపులు మాత్రం సైన్యం నడిచే వరసలో చిట్టచివర ఉండి, యుద్ధానికి ఆలస్యంగా, ముక్కలుముక్కలుగా చేరాయి. ప్రష్యాను గెలిపించింది కాల్బలం చేతిలోని, వెనుక నుంచి నింపే సూది తుపాకి, ప్రష్యా సేనాధిపతి మోల్ట్కే ఎత్తుగడ.

ఆ తరువాత ప్రష్యా మార్చింది తోపును మాత్రమే కాదు. నడిచే వరసలో తోపులను ముందుకు తెచ్చారు. యూటర్‌బోగ్‌లో కాల్పుల శిక్షణ బడి పెట్టారు. ముందు తోపులన్నీ చేరాలి, గురి దిద్దుకోవాలి, అప్పుడే కాల్బలం కదలాలి అన్నారు. ఆ పాఠం కాల్బలానికి అంత తొందరగా ఎక్కలేదు. 1870 ఆగస్టు 18న సెయింట్ ప్రివా ముందు ప్రష్యా గార్డు దళం తోపుల పని పూర్తికాకుండానే బట్టబయలు పొలంలోకి నడిచింది. ఫ్రెంచి షాస్‌పో తుపాకి ప్రష్యా సూది తుపాకి కంటే రెట్టింపు దూరం కొడుతుంది. సుమారు 8,000 మంది పడిపోయారు. తరువాత తోపులను చేర్చి ఊరిని కూల్చాక ఊరు వాళ్లకు దక్కింది. రెండు వారాల తరువాత, సెప్టెంబరు 1న, సెడాన్ చుట్టూ ఎత్తుల మీద సుమారు 500 తోపులు నిలిపారు. ఈసారి కాల్బలాన్ని అనవసరంగా తోయలేదు. ఫ్రెంచి సైన్యం గిన్నె లాంటి ఆ పల్లంలో కదలలేకపోయింది. మూడో నెపోలియన్ స్వయంగా లొంగిపోయాడు. అదే తోపు, 1866కు ఒక మార్కు, సెడాన్‌కు మరో మార్కు.

కొత్తచదువరి:
పది మార్కుల పట్టిక చింపేశాను. మరి సిక్కుల 4 సంగతి? అవి పాత రకం కంచు తోపులే కదా.

వరంగల్‌వాసి:
ఆ 4 దగ్గరే నాకు కడుపు మండింది. 1845 డిసెంబరు 21, 22 తేదీల్లో ఫిరోజ్‌షాలో బ్రిటిష్ వాళ్ల నష్టం 2,400 దాటింది. చాలావరకు సిక్కుల తోపుల పుణ్యమే. రంజిత్ సింగ్ లాహోరులో తోపుల పోత శాలలు పెట్టించాడు. కోర్ట్ అనే ఫ్రెంచి అధికారితోనూ, లెహ్నా సింగ్ మజీఠియా వంటి సొంత నిపుణులతోనూ తోపుఖానాను తీర్చిదిద్దాడు. బ్రిటిష్ మైదాన తోపులు 6, 9 పౌండ్లవి, అవతల అంతకంటే పెద్దవీ ఉన్నాయి. గోలందాజులు తోపు వదిలి పారిపోలేదు, దాని పక్కనే చచ్చారు. ఆ రాత్రి బ్రిటిష్ శిబిరంలో ఓటమి తప్పదేమో అన్నంత భయం నెలకొంది.

అంతకుముందు 1803 సెప్టెంబరు 23న అస్సాయేలోనూ అంతే. సింధియా, బీరారు రాజుల పక్షాన వంద దాకా తోపులు. వెల్లెస్లీ (తరువాతి రోజుల్లో వెల్లింగ్టన్) సైన్యం తన తోపులను ముందుకు లాక్కెళ్లలేకపోయింది, లాగే ఎద్దులను మరాఠా గుండ్లు కూల్చేశాయి. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిసి 1,500 దాటారు. ఆ సైన్యంలో అధిక భాగం మద్రాసు సిపాయిలు, వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. వాటర్లూ గెలిచినాయన చివరిదాకా గొప్పగా చెప్పుకున్న యుద్ధం ఇది. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అన్న పేట పేరుకు కారణమైన తోపుల శాల కూడా రేమండ్ అనే ఫ్రెంచివాడు నిజాం కోసం పెట్టించినదే. ఆయన సైన్యం గురించి...

నిర్వాహకుడు:
రేమండ్ 1798లోనే చనిపోయాడు, ఆయనకు వేరే చర్చ తెరవండి. ఇక్కడ 19వ శతాబ్దం దాటవద్దు.

కొండవీటిచాంతాడు:
ఈసారి కురచగా రాస్తాను. సిక్కుల తోపులు ఫిరోజ్‌షాలో ఎంత గొప్పవో గుజ్రాత్‌లోనూ అంత గొప్పవే. (మన గుజరాత్ రాష్ట్రం కాదు, చీనాబ్ నది దగ్గరి ఊరు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది.) 1849 జనవరి 13న చిలియన్‌వాలాలో బ్రిటిష్ సేనాపతి గఫ్ కాసేపు తోపులు మోగించి, పొదల అడవిలోకి కాల్బలాన్ని తోశాడు. 2,300 మందికి పైగా నష్టం. లండన్‌లో గగ్గోలు పుట్టి, ఆయన స్థానంలో నేపియర్‌ను పంపారు. నేపియర్ వచ్చేలోపే, ఫిబ్రవరి 21న, గఫ్ గుజ్రాత్‌లో గెలిచేశాడు. ఈలోపు ముల్తాన్ లొంగింది, అక్కడి బరువైన తోపులు వచ్చి కలిశాయి. అన్నీ కలిసి వంద దాకా, అందులో 18 పౌండ్లవి కూడా. సిక్కుల దగ్గర 60 దాకా, ఎక్కువగా తేలికవి. ఈసారి గఫ్ రెండు మూడు గంటల పాటు తోపులతోనే పని కానిచ్చాడు. సిక్కు గోలందాజులు అదే ధైర్యంతో నిలబడ్డారు, కానీ అందుకోలేని దూరం నుంచి దెబ్బలు పడ్డాయి. బ్రిటిష్ పక్షాన చనిపోయినవారు వంద లోపే.

ఫిరంగిపురం:
ఇంకో దిక్కు కూడా చూడండి. 1899 డిసెంబరు 15న దక్షిణాఫ్రికాలోని కొలెన్సోలో బ్రిటిష్ కర్నల్ లాంగ్ 12 తోపులను తన కాల్బలం కంటే ముందుకు తీసుకెళ్లి, బోయర్ల (అక్కడి డచ్చి సంతతి వాళ్ల) కందకాలకు సుమారు వెయ్యి గజాల దగ్గర బయటే నిలిపాడు. బోయర్ల దగ్గర పొగ రాని మందుతో పేలే మౌజర్ తుపాకులు. ఎక్కడి నుంచి కొడుతున్నారో కూడా తెలియకుండానే గోలందాజులు కూలిపోయారు. 10 తోపులు శత్రువు చేతికి పోయాయి. వాటిని వెనక్కి తేబోయి బ్రిటిష్ సేనాపతి లార్డ్ రాబర్ట్స్ కొడుకు చనిపోయాడు. వాటర్లూ రోజుల్లో వెయ్యి గజాలంటే తోపుకు తుపాకి భయం లేని దూరం. 1899లో అది చావు దూరం. మీ ఆటలో తోపు మార్కుతో పాటు ఎదుటివాడి తుపాకి దూరం కూడా రాయాలి.

కొత్తచదువరి:
సరే, కొత్త నియమం ఇలా రాశాను. తోపుకు ఒకే మార్కు ఉండదు. దగ్గరి దూరానికి ఒకటి, పెద్ద దూరానికి ఒకటి. బురద నేలైతే గెంతే గుండుకు సగం కోత. నాలుగు వంతులు వరసగా కాలిస్తే పొగ వల్ల గురి పోతుంది. తగలగానే పేలే ఫ్యూజు ఉన్నవాడికి రెండో వంతు నుంచి గురి పెరుగుతుంది. పక్క నుంచి కొడితే రెట్టింపు. గుండ్లు లెక్కబెట్టి ఇస్తాం, అయిపోతే అయిపోయినట్టే. శత్రువు తుపాకి దూరంలోకి వెళ్లిన తోపుకు గోలందాజులు తగ్గుతారు. గుజ్రాత్ ఘట్టాన్ని మొదట ఆడి చూస్తాం.

మెకానికల్‌మాస్టారు:
బాగుంది. తగలగానే పేలే ఫ్యూజుకు బురదలో కోత కూడా రాయండి, లేకపోతే ప్రష్యా పక్షం వదలకుండా గెలుస్తుంది.

కొండవీటిచాంతాడు:
గుజ్రాత్‌లో ఆ 18 పౌండ్ల తోపులను ఏనుగులతో లాగించారు. దారిలో ఏనుగును మించినది లేదు, కానీ గుండ్లు మీద పడుతుంటే బెదిరి ఎటు పోతుందో చెప్పలేం. అందుకని కాల్పుల దగ్గరికి వచ్చేసరికి ఎద్దులకు మార్చే పద్ధతి ఉండేది. ఆ మార్పుకు ఒక వంతు పోయేలా నియమం పెట్టండి. గఫ్ పక్షం ఆడేవాడు ఎవరో గానీ, తోపులు చేరేదాకా ఆగుతాడో, చిలియన్‌వాలాలో లాగా కాల్బలాన్ని తోసేస్తాడో ఆ ఒక్క వంతులో తెలుస్తుంది.